చప్పుడు కింద గొంతు

మధుకి తల్లి ముఖం తెలుసు. గొంతు తెలియదు.

ముఖం పెళ్ళి ఫోటోలో ఉంది. తల్లి బాలమణి పోయేనాటికి కొడుకుకి ఏడాదిన్నర. ఆ వయసులో విన్న గొంతు ఎవరికి గుర్తుంటుంది? ఇరవై ఏడేళ్ళు వచ్చాక, 2012 ఎండాకాలంలో, ఆ గొంతు వినే దారి ఒకటి ఉన్నట్టుండి దొరికింది. దొరికినట్టే దొరికి అడుగు దూరంలో ఆగిపోయింది.

ఒకప్పుడు తొండుపల్లిలో కథంటే జంగయ్యే చెప్పాలి. జంగయ్య మధు తండ్రి. అతను గొంతు సవరించుకుంటే పక్క ఊళ్ళవాళ్ళు కూడా సద్ది కట్టుకుని వచ్చేవాళ్ళట. అతని స్నేహితుడు మొగులయ్య దుబాయ్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు టేప్‌రికార్డర్ తెచ్చాడు. దాన్ని జంగయ్య పొలంలోని బావి దగ్గర, బాయి గడ్డ మీద పెట్టి, ఒక పొద్దుటి పూట కథ చెప్పించుకున్నాడు. ఆ మరుసటి ఏడు బాలమణి పోయింది. జంగయ్య మళ్ళీ కథ చెప్పలేదు. తర్వాత ఎప్పుడో ఆ బాయి, ఆ పొలం విమానాశ్రయంలో కలిసిపోయాయి. క్యాసెట్ సంగతి ఊరంతా మరిచిపోయింది. మొన్న ఇల్లు విప్పి కట్టుకుంటుంటే మొగులయ్యకు దుబాయ్ సూట్‌కేసు అడుగున అది కనిపించింది. ఆ పొద్దు బాలమణి కూడా అక్కడే ఉందంటూ తెచ్చి మధు చేతిలో పెట్టాడు.

శంషాబాద్‌లో ఒక ఫోటో స్టూడియోవాడు ఆ క్యాసెట్‌ను మధు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఎక్కించడం పూర్తికాగానే మిషన్ టేపును నమిలి ముద్దచేసింది. ఇక ఉన్నదల్లా ఒక్క ఫైలు.

మధు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. తండ్రి గొంతు ఉంది. వయసులో ఉన్న గొంతు, ఎక్కడా తడబడని గొంతు. దాని మీద సర్రుమని వాన కురుస్తున్నట్టు ఒక రొద. ఆ వాన కింద గుయ్యిమని ఇంకో చప్పుడు. ఆడమనిషి గొంతు మాత్రం ఎక్కడా లేదు.

అప్పుడు విచారణ మొదలుపెట్టాడు. ఆమె మాట్లాడిందో లేదో మొగులయ్యకు గుర్తులేదు, అతని కళ్ళన్నీ మిషన్ మీదే ఉన్నాయట. అతను కాక ఆ పొద్దు బాయి దగ్గర ఉన్నవాళ్ళు ఇద్దరే మిగిలారు, జంగయ్య, అతని చెల్లెలు శివమ్మ. ఇద్దరి వాంగ్మూలాలూ కుదరలేదు.

"ఉన్నదిరా మీ అమ్మ," అంది శివమ్మ, బియ్యం చెరుగుతూ. "మొదటి సంది ఆఖరి దాక ఉన్నది. నేను పక్కన్నే కూసున్న."

"ఏమన్నది అత్తా?"

"ఏమంటది? కతల అనేదే అన్నది."

తండ్రిని అడిగినప్పుడు ఆయన వాకిట్లో గొడ్డుకు నీళ్ళు పెడుతున్నాడు. ఇంటి మీదుగా ఒక విమానం దిగుతోంది. ఆ హోరులో తండ్రి పెదాలు కదిలాయి. మధుకి వినిపించింది ఒక్క మాట, 'ఊ...కున్నది.' ఊరుకుంది. అంటే మాట్లాడలేదు. రెండోసారి అడగడానికి మధుకి నోరు రాలేదు. ఆమె ప్రస్తావన వస్తే తండ్రి లేచి వెళ్ళిపోతాడని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక సాక్షి ఉందంటోంది. ఇంకో సాక్షి ఆమె నోరు విప్పలేదంటున్నాడు. తేల్చాలంటే ఆ వానను ఆపాలి.

మధు విమానాశ్రయం కార్గో షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. అదే షెడ్డు ఆఫీసులో సరుకు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే కార్తీక్‌కి శబ్దాల పిచ్చి. వాళ్ళ కుటుంబం భీమవరం నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడింది. అతని సంచిలో అన్నం డబ్బా ఉన్నా లేకపోయినా గిన్నెలంత హెడ్‌ఫోన్లు మాత్రం ఉంటాయి. మధు చెప్పిందంతా విని, ఫైలు ఒక నిమిషం ఆలకించి, కార్తీక్ రోగం పేరు చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో పాటంతా అంకెలుగా ఉంటుంది. ఆ అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పు లోపలే ఒక మూల ఇరుక్కుని ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లో అది చవకరకం. పక్కనే ఫ్యాను, డిస్కు, చార్జరు. వాటి గోలంతా అందులో కలుస్తుంది. ఆ పనిని బయట పెట్టుకుని చేసే చిన్న పెట్టెలు వచ్చాయి. అలాంటి పెట్టెను డ్యాక్ అంటారు. దానికే హెడ్‌ఫోన్లకు బలమిచ్చే ఆంప్ కూడా కలిపి అమ్ముతున్నారు. జేబులో పడుతుంది.

"ఉత్త ఆంప్ కొంటే చవక కద?" అన్నాడు మధు.

"దానివల్ల లాభం లేదు గురూ. వచ్చే శబ్దమే చెడిపోయి వస్తుంటే దాన్ని పెంచితే ఏమొస్తుంది?"

మధుకి వెంటనే అర్థమైంది. "బోరుల బురద నీళ్ళొస్తుంటే పెద్ద మోటరు పెట్టినట్టు."

"అంతే. నువ్వు ముందు బోరు మార్చాలి."

ఇంట్లో చెబితే శివమ్మ చాట పక్కన పెట్టేసింది. "డాకు కొంటవా? పైసలిచ్చి దొంగను తెచ్చుకునుడేందిరా?" అని నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దాని పేరు డాకూయే.

వారం సెలవు నాడు ఇద్దరూ కార్తీక్ బండి మీద కోఠి వెళ్ళారు. గుజరాతీ గల్లీలో ఒక ఇరుకు దుకాణం. అలాంటి పెట్టెలు పెట్టి, కొనకముందు వినిపించే దుకాణం అదొక్కటేనని కార్తీక్ చెప్పాడు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషి ముందుగా ఒక సినిమా పాట పెట్టబోయాడు. మధు వద్దని తన ల్యాప్‌టాప్ తెరిచాడు. మంచి పాట ఏ డబ్బాలో అయినా బాగానే ఉంటుంది, నాకు చెడిపోయినది బాగా వినిపించేది కావాలన్నాడు. ఆ మాటకు దుకాణదారు అతన్ని ఎగాదిగా చూసి, అద్దాల బీరువా తాళం తీశాడు.

మొదటిది ఉత్త ఆంపే. చవక, బ్యాటరీ మీద నడుస్తుంది. కార్తీక్ వద్దన్నా మధు విని చూశాడు. వాన కుండపోత అయింది. తండ్రి గొంతు ఎంత పెరిగిందో రొద కూడా అంతే పెరిగింది. పక్కన పెట్టాడు.

రెండోది డ్యాక్, ఆంప్ కలిసినది. వెండి రంగు. దాని మీద ఒక మీట ఉంది. నొక్కితే కింది స్వరాలన్నీ ఉబ్బుతాయి. కార్తీక్ కళ్ళు మెరిశాయి. దుకాణదారు కూడా దాన్నే మెచ్చుకున్నాడు. మధు విన్నాడు. వాన తగ్గింది. తండ్రి గొంతు గుహలోంచి వచ్చినట్టు నిండుగా, గంభీరంగా వచ్చింది. బాగుంది. కానీ అది తండ్రి గొంతు కాదు. జంగయ్య గొంతులో ఎండుగడ్డి విరిగినట్టు ఒక జీర ఉంటుంది. ఆ తీపిలో జీర పోయింది.

మూడోది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. నల్లది. మీట లేదు, బ్యాటరీ లేదు, అందం అసలే లేదు. తీగ తీసి ల్యాప్‌టాప్‌కి గుచ్చితే అక్కణ్ణుంచే కరెంటు తీసుకుంటుంది. దుకాణదారు దాన్ని పొగడలేదు కూడా.

మధు కార్తీక్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫైలు నడిపాడు.

వాన ఆగిపోయింది.

తగ్గడం కాదు, ఆగిపోయింది. ఆగగానే అతని చుట్టూ ఒక చోటు విచ్చుకుంది. ముందు గిరక వినిపించింది. కిర్రుమని ఎక్కి, కిర్రుమని దిగుతోంది. ఎద్దులు లాగే మోట లోంచి నీళ్ళు కాలువలోకి దబ్బున పడ్డాయి. ఎద్దు మెడలో గంట. చాలా దూరంలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. తల మీద కొమ్మల్లో ఒక పిట్ట, పేరు తెలియని పిట్ట, ఒకే మాటను పట్టుబట్టి అడుగుతోంది. తండ్రి ఊపిరి తీసుకోవడం వినిపించింది. తీసుకుని, 'రాజు పెంచిన మేకపోతుకు మాటలొచ్చినయి' అనడం వినిపించింది.

మధు రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. ఆ బాయి ఎక్కడుందో అతనికి తెలుసు. రోజూ పనికి వెళ్ళేటప్పుడు కంచె అవతల చూపు ఆనినంత మేర కనిపించే కాంక్రీటు కిందుంది. దాన్ని పూడ్చిన మట్టి లారీలను స్వయంగా చూశాడు. ఆ గిరక ఏ పాత సామాన్ల కొట్టులో కరిగిపోయిందో. అది ఇక్కడ, కోఠిలో, ఇరుకు గల్లీలో, అగ్గిపెట్టెంత డబ్బాలో తిరుగుతోంది. నీళ్ళు పడుతున్నాయి. అతని కాళ్ళకు చల్లదనం తగిలినట్టే అయింది.

"ఏం గురూ?" అన్నాడు కార్తీక్.

మధు హెడ్‌ఫోన్లు తీసి అతనికిచ్చాడు. కార్తీక్ విన్నాడు. వెండి రంగు దాని మీద పెట్టిన చేయి తీసేశాడు.

"ఇదే," అన్నాడు, గొంతు తగ్గించి.

ధర మధు అనుకున్నదానికి లోపలే ఉంది. కొన్నారు. అయినా అసలు పని కాలేదు. ఆడమనిషి గొంతు అందులోనూ లేదు. పైన సర్రుమనే రొద పోయింది గానీ, కింద గుయ్యిమనే చప్పుడు అలాగే ఉంది.

తిరుగుదారిలో ఆరాంఘర్ చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో ఆగారు. షాద్‌నగర్ బస్సులు హారన్లు కొడుతూ మలుపు తిరుగుతున్నాయి. కార్తీక్ ల్యాప్‌టాప్ తన ముందుకు లాక్కున్నాడు. మిగిలిన చప్పుడు ల్యాప్‌టాప్‌ది కాదు, క్యాసెట్‌లోనే ఉంది, అది కరెంటు తీగల గుయ్యి, పాత రికార్డింగుల్లో మామూలే అన్నాడు. దాన్ని తుడిచే సాఫ్ట్‌వేర్ తన దగ్గర ఉందన్నాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి, చప్పుడున్న ముక్కను దానికి మచ్చు చూపించాడు. ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్యి అని చెప్పాడు. నీలం గీత తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది.

"విను. ఇప్పుడు మీ అమ్మగారు గుసగుసలాడినా దొరికిపోతారు."

మధు విన్నాడు. శుభ్రంగా ఉంది. గుయ్యి అన్నదే లేదు. తండ్రి ఒక మాట అన్నాడు, ఆగాడు. ఇంకో మాట అన్నాడు, ఆగాడు. ఆగిన చోటల్లా బోసిగా ఉంది. గోడతో మాట్లాడుతున్న మనిషిలా, ఒక్కొక్క వాక్యం చెప్పి, దేనికోసమో చూసి, మళ్ళీ చెబుతున్నాడు.

మధు ఆ ముక్కను మళ్ళీ నడిపాడు. దేనికోసం ఆగుతున్నాడు?

ఊపిరి కోసమా? కాదు. ఊపిరి ముందే తీసుకుంటున్నాడు. మొగులయ్య కోసమా? టేప్ తిరుగుతున్నంతసేపూ నోరు మూసుకుని ఉండమని తనకు గట్టిగా చెప్పారని మొగులయ్యే అన్నాడు. ఆ రోజు శంషాబాద్ పోయి లావు సెల్లులు తెచ్చి టేప్‌రికార్డర్‌లో వేశానని కూడా అన్నాడు.

సెల్లులు.

"కార్తీక్ భాయ్, అది కరెంటు గుయ్యి అన్నవ్ కద?"

"అవును."

"మా బాయికాడ కరెంటు లేకుండె. సెల్లులేసి రికార్డు చేసిండ్రు. మోటనే కొడుతున్నరు, నువ్వు గూడ ఇన్నవ్."

కార్తీక్ తల ఎత్తలేదు. పని ముగిసిన మనిషి ధోరణిలో ఉన్నాడు. రోజంతా సరుకు వివరాలు ఎక్కించే ఆఫీసులో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక, ప్రతి వరుసకూ సేవ్ నొక్కడం అతనికి అలవాటు. ఆ అలవాటు మెదడుతో పనిలేకుండా వేళ్ళలోనే ఉంటుంది. వేళ్ళు సేవ్ చేసే రెండు మీటల మీదికి వెళ్ళాయి.

మధు అతని మణికట్టు పట్టుకున్నాడు. చాయ్ ఒలికి బల్ల మీద పాకింది.

"నొక్కినవా?"

"లేదు. ఏమైంది?"

"నొక్కకు. వెనక్కి తియ్యి. మొత్తం ఎట్లుండెనో గట్లనే పెట్టు."

"తీస్తాలే. ఇంకో కాపీ ఉంది కదా నీ దగ్గర?"

"లేదు."

 కార్తీక్ వేళ్ళు చాలా జాగ్రత్తగా, పాము మీద నుంచి తీసినట్టు, ఆ మీటల మీద నుంచి లేచాయి. చేసిన మార్పును రద్దుచేస్తూ ఒకే ఒక్క అడుగు వెనక్కి వేశాడు. నీలం గీత వచ్చిన దారినే పోయింది. ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఒక నకలు తీశాడు. తన సంచిలోని రెండో పెన్‌డ్రైవ్‌లోకి ఇంకొకటి తీశాడు. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

మధు కళ్ళు మూసుకుని విన్నాడు. ఈసారి తండ్రి మాటల్ని వినలేదు. మాటల మధ్య ఖాళీల్ని విన్నాడు.

'అనగనగ ఒక రాజు.'

'ఊ.'

'ఆ రాజుకు ఒక మేకపోతు.'

'ఊ.'

గుయ్యి కాదు. మనిషి. ముక్కుతో, పెదాలు తెరవకుండా, తగ్గుస్థాయిలో, ప్రతి వాక్యం చివరా కాలు కింద పెట్టినంత నమ్మకంగా, 'ఊ.' ఇన్నాళ్ళూ ఏ చప్పుడు కింద తల్లి గొంతు ఉందని వెతికాడో, ఆ చప్పుడే ఆమె. ఇందాక దాన్ని తుడిపించాడు కూడా.

"బాపు ఊకున్నది అనలే," అన్నాడు మధు. ఆ మాట పైకి అంటున్నట్టు అతనికే తెలియదు. "ఊ కొట్టుకుంట ఉన్నది అన్నడు. నడుమ ముక్క విమానం మింగింది."

 కార్తీక్, "మా అమ్మమ్మ కథ చెబితే నేనూ కొట్టేవాణ్ణి. ఆపితే చెప్పేది కాదు," అన్నాడు. తుడుపుగుడ్డతో వచ్చిన హోటలాయన్ని చేత్తో ఆపి, మధు చెవుల దగ్గర చప్పుడు కాకుండా చూశాడు.

మధు మొదటినుంచి మళ్ళీ పెట్టాడు. ఒక్క అక్షరం. అందులో ఆమె అంతా ఉంది. రాజు గొప్పలు చెబుతుంటే ఊ చప్పగా ఉంది. మేకపోతు మాట్లాడగానే ఊ తల ఎత్తింది. మంత్రి దొంగతనంగా మేకల దొడ్లోకి వచ్చినప్పుడు ఊ బిగుసుకుంది. ఒకచోట నవ్వు ఆపుకుంటూ వచ్చిన ఊ సగంలో విరిగిపోయింది. ఒకచోట రెండు మూడు వాక్యాలకు ఊ ఆలస్యమైతే జంగయ్య ఆగి ఎదురుచూశాడు. నిద్రలోంచి లేచినట్టు మెత్తటి ఊ వచ్చాకే కదిలాడు. ఆమె నడిపిస్తే కథ నడుస్తోంది.

చివర్లో, రాజు విందు కోసం మేకపోతును కోయమన్నాడు. కటికవాడు కత్తి ఎత్తాడు. తండ్రి ఆగాడు.

'ఊఁహూఁ.'

వద్దంది. ఊ కొట్టడానికి ఒప్పుకోలేదు. టేప్ మీద కొద్దిసేపు గిరక ఒక్కటే కిర్రుమంది. ఆ తర్వాత, ముప్ఫై ఏళ్ళు నిండని జంగయ్య గొంతు, ఓడిపోయి, నవ్వుతూ, 'సరె. కత్తి ఎత్తిండు గని, దించలే' అంది.

'ఊ.'

మధు హెడ్‌ఫోన్లు తీశాడు. ఆరాంఘర్ చౌరస్తా అంతా ఒక్కసారి మీద పడింది. బస్సులు, హారన్లు, గిన్నెల మోత. అతనికి అదంతా కొత్తగా ఉంది. ఇందులో ఎక్కడ ఎవరున్నారో ఎవరికి తెలుసు అనిపించింది. బల్ల మీద ఆ నల్ల డబ్బా కాస్త వెచ్చబడి ఉంది. దాన్ని తాకడానికి కూడా అతనికి బెరుకు కలిగింది.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. జంగయ్య వసారాలో మంచం మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. శివమ్మ గడపలో ఉంది. కార్తీక్‌ని చూసి, డాకూను పట్టుకొచ్చినవా బిడ్డా అని పలకరించింది. మధు ఏమీ చెప్పలేదు. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి, డబ్బా గుచ్చి, తండ్రి తలపాగా తీసి హెడ్‌ఫోన్లు పెట్టాడు. జంగయ్య విసుక్కున్నాడు గానీ చేయి అడ్డం పెట్టలేదు.

నడిపాడు.

పగ్గం పేనే వేళ్ళు ఆగిపోయాయి. జంగయ్య ముందు బయటికి చూశాడు, గిరక అక్కడెక్కడో ఉన్నట్టు. తర్వాత ఎటూ చూడలేదు. శివమ్మ లేచి దగ్గరికొచ్చింది.  చాలాసేపటికి జంగయ్య హెడ్‌ఫోన్ల గిన్నె ఒకటి చెవి మీంచి పక్కకు జరిపి మధు వైపు తిరిగాడు.

"ఇనవడ్డదా నీకు?"

"ఇన్న బాపు. గింత మెల్లగ ఎందుకు కొట్టింది? ఇన్ని రోజులు చప్పుడనుకున్న."

"మెల్లగ కొట్టకుంటే?" జంగయ్య అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నువ్వు ఆమె ఒళ్ళె పండుకోని ఉంటివి. జర గట్టిగ అంటే లేస్తుంటివి. లేస్తే ఇగ కత ఎక్కడిది?"

 మధు మంచం పట్టె మీద కూర్చున్నాడు. అయితే ఆ చోట తనూ ఉన్నాడు. ఆ గిరక, ఆ నీళ్ళు, ఆ పిట్ట, అన్నీ ఒకసారి నిద్రలో విన్నవే. ఆ ఊ తన తల మీదుగా వెళ్ళినదే. టేప్ మీద ఎక్కడో తన ఊపిరి కూడా ఉండాలి.

జంగయ్య హెడ్‌ఫోన్లు సరిచేసుకుని, మళ్ళీ మొదటినుంచి పెట్టమని చేత్తో సైగ చేశాడు. పెట్టాడు మధు. గిన్నెలంత హెడ్‌ఫోన్లు ముసలి చెవుల్ని పూర్తిగా మూసేశాయి. లోపలి శబ్దం బయటికి రావడం లేదు. కాసేపటికి జంగయ్య పెదాలు కదిలాయి. ఇన్నేళ్ళుగా మూసుకున్న గొంతు, బొంగురుగా, టేపుతో పాటే పలకసాగింది.

"అనగనగ ఒక రాజు."

ఆగాడు. వసారాలో ఏ చప్పుడూ లేదు. జంగయ్య తలూపి, తర్వాతి మాట అందుకున్నాడు.

"ఆ రాజుకు ఒక మేకపోతు."